షట్టర్ కౌంట్

షట్టర్ కౌంట్ అనగా ఒక డిజిటల్ కెమెరాలోని యాంత్రిక షట్టరు, కెమెరా తయారైన నాటి నుండి ఎన్నిసార్లు పనిచేసినదో తెలిపే సంఖ్య. మోటారు వాహనానికి ఓడోమీటరు ఎటువంటిదో కెమెరాకు ఇది అటువంటిది. పాత కెమెరాను కొనేవారికి దాని వయస్సు కంటే ఈ సంఖ్యయే ముఖ్యము. ఐదేళ్ళ కెమెరా బీరువాలోనే ఉండిపోయి ఉండవచ్చు. ఏడాది కెమెరా వందలాది పెళ్ళిళ్ళకు తిరిగి ఉండవచ్చు.

షట్టరు అరుగుదల

డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరాలో సెన్సారు ముందు రెండు తెరలు ఉంటాయి. మీట నొక్కగానే మొదటి తెర తొలగి కాంతిని లోనికి విడుస్తుంది. రెండవ తెర దానిని వెంబడించి మూసివేస్తుంది. ప్రతి ఫోటోకు జరిగే ఈ కదలిక వలన భాగాలు క్రమంగా అరుగుతాయి. కొన్ని నమూనాల షట్టర్లను తయారీదారులు ఎన్నిసార్ల వరకు పరీక్షించినట్లు ప్రకటించారో క్రింద చూడవచ్చు.

* నికాన్ డి90: 1,00,000
* కెనాన్ 5డి మార్క్ 2: 1,50,000
* నికాన్ డి3: 3,00,000
* కెనాన్ 1డి ఎక్స్: 4,00,000

ఇవి హామీలు కావు. కొన్ని షట్టర్లు ఇంతకు ముందే చెడిపోతాయి, కొన్ని దీనిని దాటి పనిచేస్తాయి.

తెలుసుకొను విధానము

* నికాన్, పెంటాక్స్ డి.ఎస్.ఎల్.ఆర్.లు ఈ సంఖ్యను ఫోటో ఫైలులోని ఎగ్జిఫ్ సమాచారంలో వ్రాస్తాయి. ఎగ్జిఫ్‌టూల్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో దానిని చదువవచ్చు. ఇందుకు కెమెరా నుండి నేరుగా తీసుకొన్న ఫైలు కావలెను. మార్పులు చేసిన ఫోటోలో ఈ సమాచారం చెరిగిపోయి ఉండవచ్చు.
* కెనాన్ నమూనాలలో అధిక భాగం ఫోటోలో ఈ సంఖ్యను వ్రాయవు. కొన్నింటిని యు.ఎస్.బి. తీగతో కంప్యూటరుకు కలిపి, తగిన సాఫ్ట్‌వేరుతో తెలుసుకొనవచ్చు.

ఫైలు పేరులోని సంఖ్యను షట్టర్ కౌంటుగా భావించరాదు. అది 9999 తరువాత మరల 0001కి వస్తుంది. కనుక 0412 అను ఫైలు 412వ ఫోటో కావచ్చు, 10,411వది కావచ్చు. పైగా వాడుకరి దానిని ఎప్పుడైనా మొదటికి మార్చవచ్చు.

పరిమితులు

వీడియోలో ప్రతి ఫ్రేముకు యాంత్రిక షట్టరు కదలదు. కనుక గంటల కొలది వీడియో తీసిన కెమెరాలో కూడా ఈ సంఖ్య తక్కువగానే ఉండవచ్చు. 2021లో విడుదలైన నికాన్ జెడ్9లో యాంత్రిక షట్టరే లేదు. తేమ, ధూళి, దెబ్బల వలన కలిగిన నష్టాన్ని ఈ సంఖ్య తెలుపదు. అరిగిన షట్టరును మార్చవచ్చును గాని, ఆ ఖర్చు పాత కెమెరా వెలను మించకుండా చూచుకొనవలెను.