రంగం వెళ్ళినవాళ్ళు

విశాఖపట్నంలో యుద్ధం మాట వస్తే అందరూ 1942 ఏప్రిల్ 6 సంగతే ఎత్తుతారు. ఆ రోజు జపాను విమానాలు ఇక్కడా, కాకినాడలోనూ బాంబులు వేశాయి. పేలని బాంబు ఒకటి బీచిరోడ్డు మ్యూజియంలో ఉంది. పిల్లలు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. అప్పట్లో బాంబుల భయానికి ఆడవాళ్ళనీ పిల్లలనీ లోపలి ఊళ్ళలో చుట్టాలిళ్ళకి పంపేసి, మగవాళ్ళు కొలువుల కోసం ఇక్కడే ఉండిపోయారు. యూనివర్సిటీ గుంటూరు తరలిపోయింది. ఇదంతా మా పట్నం బాగానే గుర్తుంచుకుంది.

నాకైతే అంతకు ముందే, సముద్రానికి అవతల మొదలైన కథే పెద్దదనిపిస్తుంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో "మా నాయన రంగమెల్లినాడు" అనడం ఒకప్పుడు మామూలు మాట. రంగమంటే బర్మాలోని రంగూన్. విశాఖ, భీమిలి, కాకినాడ రేవుల్లో ఓడెక్కి రంగూన్‌లో దిగేవారు. బియ్యం మిల్లుల్లో, రేవులో మూటలు మోశారు, రిక్షాలు లాగారు. వెళ్ళింది ఎక్కువగా మగవాళ్ళే. పెళ్ళాం పిల్లలు ఇక్కడ, సంపాదన అక్కడ. ఇల్లు మనియార్డర్ల మీద నడిచేది. అంటే యుద్ధం రాకముందే ఆ ఇళ్ళలో ఎడబాటు ఉంది. కాకపోతే దానికి రాకపోకలుండేవి, ఉత్తరాలుండేవి.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. టిక్కెట్టు దొరికినవాళ్ళు ఓడెక్కారు. కూలీనాలీ జనంలో ఎక్కువమందికి దొరకలేదు. ప్రోం మీదుగా టాంగప్ కనుమ దాటి అరకాన్ వైపు కొందరు, ఉత్తరాన టాము మీదుగా మణిపూర్ వైపు కొందరు కాలినడకన బయల్దేరారు. దారంతా కలరా. 1942 మార్చి 8న రంగూన్ జపాను వశమైంది. ఆ ఏడాది బర్మా విడిచినవాళ్ళు నాలుగైదు లక్షల మంది భారతీయులని అంచనా. దారిలో పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. పేర్లు రాసుకున్నవాళ్ళు లేరు.

అసలు చిక్కంతా అక్కడే. సిపాయి చనిపోతే సర్కారు నుంచి కబురొస్తుంది, పింఛను ఉంటుంది. కూలీకి ఆ రెండూ లేవు. ఉత్తరం ఆగింది, డబ్బాగింది, బర్మా బియ్యం రావడమూ ఆగి గింజల ధరలు పెరిగాయి. ఇంటావిడ బొట్టు ఉంచుకోవాలా, తీసెయ్యాలా? పెద్దకర్మ చెయ్యాలా వద్దా? పన్నెండేళ్ళు చూసి, దర్భలతో బొమ్మ చేసి దహనం చెయ్యమని శాస్త్రం. శాస్త్రం సంగతి సరే, ఆ పన్నెండేళ్ళూ ఆమె కూలికి పోవాలి, కూతురి పెళ్ళి చెయ్యాలి, అత్త చేత "నీ మొగుడి కబురేటి?" అనిపించుకోవాలి.

యుద్ధం అయ్యాక కొందరు తిరిగొచ్చారు. కొందరికి అక్కడే మరో సంసారం ఏర్పడింది. 1960ల్లో బర్మా ప్రభుత్వం దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక మళ్ళీ ఓడలు నిండుగా వచ్చాయి. మా కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు అలా వెలిసిందే. ఆ ఓడల్లో దిగినవాళ్ళలో బర్మా తల్లులకూ తెలుగు తండ్రులకూ పుట్టినవాళ్ళున్నారు. వాళ్ళు ఇక్కడి బంధువుల ఊళ్ళు వెతుక్కుంటూ వెళ్ళేసరికి, కొన్నిచోట్ల పెద్ద భార్యలు ఇంకా బతికే ఉన్నారు.