విక్స్‌బర్గ్ దండయాత్రలో గ్రాంట్ సరఫరా వ్యూహం

అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షమైన యూనియన్ సేనాని యులిసిస్ గ్రాంట్ 1863లో విక్స్‌బర్గ్‌ను జయించిన తీరును వివరించే రచనలు చాలావరకు, అతడు తన సరఫరా మార్గాన్ని తానే తెంచుకుని శత్రుభూమిలోకి చొచ్చుకుపోయాడని చెబుతాయి. గ్రాంట్ ఆత్మకథ కూడా ఈ అభిప్రాయానికి ఊతమిచ్చింది. అయితే దండయాత్ర నడిచిన క్రమాన్ని పరిశీలిస్తే, ఏది వెంట తీసుకుపోవాలో, ఏది దారిలోని పల్లెల నుంచి సేకరించుకోవాలో తేల్చుకున్న లెక్కే ఆ విజయానికి ఆధారమని, సాహసం దాని తరువాతిదేనని స్పష్టమవుతుంది.

మిసిసిపీ నది మలుపు వద్ద, తూర్పు గట్టు గుట్టలపై ఉన్న విక్స్‌బర్గ్, బానిసత్వాన్ని నిలుపుకోవడానికి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమికి, అంటే కాన్ఫెడరసీకి, పడమటి రాష్ట్రాలతో సంబంధం నిలిపిన కీలక దుర్గం. 1862 డిసెంబరులో గ్రాంట్ రైలుమార్గం వెంట దానిపైకి కదలగా, 20వ తేదీన కాన్ఫెడరసీ సేనాని వాన్ డోర్న్ ఆశ్వికదళం హోలీ స్ప్రింగ్స్‌లోని సరుకుల గిడ్డంగులను ధ్వంసం చేయడంతో ఆ ప్రయత్నం ఆగిపోయింది. వెనుదిరిగిన సైన్యం చుట్టుపక్కల పొలాల మీద ఆధారపడవలసి వచ్చినప్పుడు, అక్కడ తాము ఊహించినదానికంటే ఎంతో ఎక్కువ ఆహారం ఉందని గ్రాంట్ గ్రహించాడు. ఆ చలికాలమంతా కాలువలు తవ్వించి, చిత్తడి నేలల గుండా దారులు వెదికించినా ఫలితం దక్కలేదు.

1863 ఏప్రిల్‌లో అతడు సైన్యాన్ని నది పడమటి గట్టున దక్షిణానికి నడిపించాడు. 16వ తేదీ రాత్రి యూనియన్ నౌకాదళాధికారి పోర్టర్ నౌకలు విక్స్‌బర్గ్ ఫిరంగులను దాటుకుని దిగువకు చేరాయి. యూనియన్ అధికారి గ్రియర్సన్ ఆశ్వికదళం మిసిసిపీ రాష్ట్రం మధ్యగా దూసుకుపోతూ, గ్రాంట్ కింది సేనాని షెర్మన్ ఉత్తరాన దాడి నటిస్తూ, నగర రక్షకుడైన పెంబర్టన్ దృష్టిని చెదరగొట్టారు. ఏప్రిల్ 30న సైన్యం బ్రూయిన్స్‌బర్గ్ వద్ద నది దాటింది. అక్కడ మంచి రేవు, లోపలికి దారి ఉన్నాయన్న సమాచారం ఒక నల్లజాతీయుడు ఇచ్చినదే. యుద్ధచరిత్రల్లో అతనికి దక్కవలసిన స్థానం ఇప్పటికీ దక్కలేదు.

ఆ తరువాత సైన్యం తోటల యజమానుల బండ్లను, షోకైన గుర్రపు బగ్గీలను సైతం స్వాధీనం చేసుకుని, వాటిలో మందుగుండు నింపింది. గ్రాండ్ గల్ఫ్ రేవు నుంచి బండ్ల వరుసలు వస్తూనే ఉన్నా, గట్టి బిస్కెట్లు, కాఫీ, ఉప్పు అందితే చాలునని, మిగిలినది ఆ ప్రాంతమే సమకూర్చాలని గ్రాంట్ షెర్మన్‌కు తెలియజేశాడు. మార్గం సన్నబడిందే గాని తెగలేదు. మెక్సికో యుద్ధంలో రెజిమెంటు సరఫరా అధికారిగా పనిచేసిన అనుభవం లేనివాడికి ఈ విచక్షణ అంత సులభంగా అబ్బేది కాదు. కాని ఈ సేకరణ భారం పల్లెల్లోని సామాన్య కుటుంబాల మీద, బానిసల కొద్దిపాటి తిండిగింజల మీద కూడా పడిందన్నది మరువరానిది.

పోర్ట్ గిబ్సన్, రేమండ్ పోరాటాల తరువాత గ్రాంట్ నేరుగా విక్స్‌బర్గ్ వైపు పోక, మే 14న రైలు కూడలి అయిన జాక్సన్‌ను పట్టుకుని, కాన్ఫెడరసీ సేనాని జాన్‌స్టన్ సేనకు, పెంబర్టన్ సేనకు మధ్య నిలిచాడు. తనతో కలవమని జాన్‌స్టన్, నగరాన్ని విడువవద్దని కాన్ఫెడరసీ అధ్యక్షుడు డేవిస్ ఆదేశించగా, పెంబర్టన్ ఆ రెండూ కాక గ్రాంట్ సరఫరా మార్గాన్ని తెంచడానికి దక్షిణానికి కదిలాడు. ఆ మార్గం తెగినంత మాత్రాన ఆగిపోయే స్థితిలో లేని సైన్యం మీద పాత సూత్రాన్ని ప్రయోగించిన ఆ నిర్ణయం, మే 16న చాంపియన్ హిల్ పరాజయానికి దారితీసింది.

విక్స్‌బర్గ్ కోటగోడల మీద మే 19, 22 తేదీల్లో జరిపిన దాడులు మాత్రం గ్రాంట్ తొందరపాటే; రెండవదానిలో 3,000 మందికి పైగా యూనియన్ సైనికులు మరణించడమో, గాయపడడమో, గల్లంతవడమో జరిగింది. ముట్టడికి దిగగానే అతడు యాజూ నది మీదుగా పూర్తిస్థాయి సరఫరాను పునరుద్ధరించుకున్నాడు. ఒకచోట స్థిరపడిన సైన్యాన్ని చుట్టుపక్కల పొలాలు ఎంతోకాలం పోషించలేవు. జూలై 4న దాదాపు 29,000 మందితో పెంబర్టన్ లొంగిపోయాడు. ముందుకు సాగేముందు సరఫరా దారిని భద్రపరచుకోవాలని మే నెలలో గ్రాంట్‌ను హెచ్చరించిన షెర్మనే, 1864 నవంబరులో సుమారు 60,000 మందితో అట్లాంటా నుంచి సముద్రతీరానికి కదిలినప్పుడు ఇదే పద్ధతిని మరింత పూర్తిగా అమలుచేశాడు.