రాత్రివేళ సీటు బెల్టు

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని సంపాదకవర్గం వారు కోరగా, మనమంతా బరువుగా భావించే సీటు బెల్టును ఎన్నుకున్నాను.

మూడు చోట్ల బిగించే నేటి బెల్టును 1959లో స్వీడన్‌లో వోల్వో ఇంజనీరు నీల్స్ బోలిన్ రూపొందించారు. ఇతర కంపెనీలు కూడా దానిని వాడుకునేందుకు వోల్వో వీలు కల్పించింది. బెల్టు వచ్చింది గాని పెట్టుకునేవారు తక్కువ. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1970లో, బ్రిటన్ 1983లో, అమెరికాలో మొట్టమొదటగా న్యూయార్క్ రాష్ట్రం 1984లో దానిని తప్పనిసరి చేశాయి.

అయితే పోలీసు తనిఖీ పగటి పనిగానే సాగింది. చీకట్లో అద్దం వెనుక ఎవరు బెల్టు పెట్టుకున్నారో కనపడదు గదా! ప్రమాదాలు మాత్రం చీకటిని చూసి ఆగవు. రాత్రివేళ తాగి నడిపేవారు, ఖాళీ రోడ్డని వేగం పెంచేవారు ఎక్కువ; బెల్టు పెట్టుకునేవారు తక్కువ. అమెరికాలో 2019లో రాత్రిపూట కారు ప్రమాదాలలో మరణించినవారిలో సగానికి మించి బెల్టు లేనివారే. పగటి మరణాలలో ఈ నిష్పత్తి ఇంతకన్నా తక్కువ.

2004లో పెన్సిల్వేనియాలోని రీడింగ్ పట్టణంలో రాత్రి తనిఖీని ప్రత్యేకంగా జరిపి చూశారు. అప్పటికి ఆ రాష్ట్రంలో, బెల్టు లేదన్న ఒక్క కారణంతో పెద్దవారి కారు ఆపే అధికారం పోలీసులకు లేదు. అయినా రాత్రి బెల్టు వాడకం నూటికి 50 నుండి 56కు పెరిగింది.

వాషింగ్టన్ రాష్ట్రం వారు 2007లో ఈ పని చేపట్టారు. దీపాల వెలుగున్న కూడలిలో ఒక పోలీసు నిలబడి, బెల్టు లేని కారు కనపడగానే ముందున్నవారికి రేడియోలో చెబుతాడు, వారు ఆపుతారు. ఖరీదైన యంత్రమేమీ అక్కరలేదు. మా అమ్మాయి ఉండేది ఆ రాష్ట్రంలోనే. ఒక రాత్రి విందు నుండి తిరిగి వస్తూ, "అత్తయ్యగారూ, మీరు బెల్టు పెట్టుకుంటేనే బండి కదిలేది" అని మా అల్లుడు తాళం చెవి తిప్పలేదు. "వెనుక సీటుకు కూడానా బాబూ?" అని మా ఆవిడ ఆశ్చర్యపోయింది.

వెనుక సీటుకు కూడానే. మన కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 138వది, బెల్టులు అమర్చిన కార్లలో ముందువైపుకు తిరిగి ఉన్న వెనుక సీట్లవారినీ కలిపే చెబుతున్నది. 2019 చట్ట సవరణలో జరిమానా 1000 రూపాయలుగా పెట్టారు. నేను చూసినంతలో మన ఊళ్ళలో రాత్రి తనిఖీ అంటే నోటిదగ్గర గొట్టం పెట్టి ఊదమనడమే. ఊదించినవారు అదే టార్చిలైటును వెనుక సీటు మీదకు తిప్పడానికి ఎంతసేపు పడుతుంది? తెల్లవారుజామున పెళ్ళికో, విమానాశ్రయానికో బయలుదేరే కార్లలో ఆ సీటున నిద్రపోతూ కూర్చునేది ఎక్కువగా మనమే.