ఇండియన్ ఓషన్ తొలి ఆల్బమ్: అమ్మిన గిటార్‌తో మొదలైన ప్రస్థానం

ఢిల్లీకి చెందిన ఇండియన్ ఓషన్ సంగీత బృందం తొలి ఆల్బమ్ 1993లో హెచ్‌ఎంవీ ద్వారా వెలువడింది. ఆల్బమ్‌కు బృందం పేరే పెట్టారు. అది సినిమా సంగీతం కాదు, శాస్త్రీయ కచేరీ కాదు, పాశ్చాత్య రాక్‌కు నకలూ కాదు. అటువంటి సంగీతాన్ని ఒక పెద్ద రికార్డు కంపెనీ చేపట్టడం ఆ రోజుల్లో అరుదు.

రాక్ ప్రపంచంలో అప్పటికే పేరు సంపాదించిన కళాకారులు చేతులు కలిపి తొలి ఆల్బమ్ తెచ్చిన సందర్భాలున్నాయి. ఎరిక్ క్లాప్టన్, జాక్ బ్రూస్, జింజర్ బేకర్ కలిసి నెలకొల్పిన క్రీమ్ బృందం 1966లో తొలి రికార్డు విడుదల చేసే నాటికే శ్రోతలు దాని కోసం ఎదురుచూస్తున్నారు. ఇండియన్ ఓషన్‌కు ఆ వెసులుబాటు లేదు. గిటార్ వాద్యకారుడు సుస్మిత్ సేన్, తబలా వాయిస్తూ పాడే అషీమ్ చక్రవర్తి 1980లలోనే కలిసి వాయించడం మొదలుపెట్టినా, 1990లో బృందం ఏర్పడే నాటికి వారి పేర్లు నగరంలోనే కొద్దిమందికి తెలుసు. బృందానికి ఆ పేరు సూచించినది సుస్మిత్ తండ్రి.

అప్పటి ఢిల్లీ కళాశాల ఉత్సవాల్లో రాక్ బృందాలకు కొదవ లేదు. అయితే వాటిలో చాలా వరకు ఇంగ్లీషు పాటలనే వినిపించేవి. మూల రికార్డుకు ఎంత దగ్గరగా వాయిస్తే అంత మెప్పు లభించేది. సొంత రచనలు మాత్రమే వినిపిస్తామన్న బృందానికి వేదిక దొరకడమే కష్టం. స్టూడియో అద్దె చెల్లించడం మరీ కష్టం. నమూనా టేపు ఖర్చు కోసం సుస్మిత్ తన ఎలక్ట్రిక్ గిటార్‌ను అమ్మివేశారు. దాదాపు 45 నిమిషాల ఆ టేపును ఒక్క రోజులోనే ముగించారు. హెచ్‌ఎంవీతో ఒప్పందానికి దారి తీసినది ఆ టేపే.

1991లో బాస్ గిటార్ వాద్యకారుడు రాహుల్ రామ్ బృందంలో చేరారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పర్యావరణ విషశాస్త్రంలో డాక్టరేటు పొందిన ఆయన నర్మదా బచావో ఆందోళనలోనూ పనిచేశారు. డ్రమ్స్ బాధ్యతను షాలీన్ శర్మ వహించారు. 1992లో రికార్డింగు పూర్తయినా, క్యాసెట్ దుకాణాలకు చేరడానికి ఏడాదికి పైగా పట్టింది. కొత్త బృందానికి ఆ నిరీక్షణ చిన్నది కాదు.

ఆల్బమ్ ప్రధానంగా వాద్య సంగీతం. సుస్మిత్ గిటార్ రాగచ్ఛాయలను అనుసరిస్తూ సాగుతుంది; రాక్‌లో సాధారణంగా డ్రమ్స్ మోసే బరువులో సగం తబలా మోస్తుంది. పల్లవి, చరణాల చట్రానికి అలవాటుపడిన శ్రోతకు పట్టుకొమ్మ వెంటనే దొరకదు. పొరుగునే ఉన్న నోయిడాలో టీ-సిరీస్ చవక క్యాసెట్లతో సినిమా పాటలనూ భక్తి గీతాలనూ ఊరూరా చేరుస్తున్న కాలమది. ఈ క్యాసెట్‌ను ఏ అరలో పెట్టాలో దుకాణదారుకే తోచకపోతే ఆశ్చర్యం లేదు! అయినప్పటికీ, మొదటి ఏడాదిలో 40 వేలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయని చెబుతారు.

అమ్మకాలు బాగున్నా కంపెనీల తలుపులు తెరుచుకోలేదు. 1994లో షాలీన్ స్థానంలో అమిత్ కిలం వచ్చారు. రెండవ ఆల్బమ్ ‘డెజర్ట్ రెయిన్’ 1997లో గాని రాలేదు. అదీ స్టూడియోలో తయారైనది కాదు. 1989 జనవరి 1న ఢిల్లీ శివారు సాహిబాబాద్‌లో వీధి నాటకం ప్రదర్శిస్తూ దాడికి గురై మరణించిన సఫ్దర్ హాష్మీ స్మారక కార్యక్రమంలో బృందం ఇచ్చిన కచేరీ రికార్డింగు అది. తొలి ఆల్బమ్‌లో కొంత బిగుసుకున్నట్లు తోచే వాదన శ్రోతల ఎదుట విచ్చుకున్న తీరు, రెండింటినీ వరుసగా వింటే స్పష్టమవుతుంది. ఈ బృందాన్ని స్టూడియో కంటే వేదికే బాగా పట్టుకోగలిగిందనడం అతిశయోక్తి కాదు.

విస్తృత ఆదరణ 2000లో ‘కందిస’తో వచ్చింది. కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థనా గీతం, నర్మదా లోయ పాట అందులో పక్కపక్కనే చోటు చేసుకున్నాయి. ‘బ్లాక్ ఫ్రైడే’ చిత్రంలోని ‘బందే’ పాట తర్వాత హిందీ శ్రోతలకు ఈ పేరు మరింత చేరువైంది. తొలి క్యాసెట్‌ను వెతికి విన్నవారిలో అనేకులు ఆ తరువాత వచ్చినవారే.

అషీమ్ చక్రవర్తి 2009 డిసెంబరు 25న కన్నుమూశారు. సుస్మిత్ సేన్ 2013లో బృందాన్ని వీడారు. తొలి ఆల్బమ్‌లో వాయించిన వారిలో ఆ తర్వాత బృందంలో కొనసాగినది రాహుల్ రామ్ ఒక్కరే.