చెరిపినా మిగిలే సగం

వెబ్‌కు మొదట్లో మతిమరుపు ఎక్కువ. అడిగిన పేజీ ఇచ్చేది, మరుక్షణం అడిగిందెవరో మరిచిపోయేది. చదువుకునేవాళ్లకు దానితో ఇబ్బంది లేదు. కొనడానికి వచ్చినవాళ్లకే చిక్కు. బుట్టలో ఒక వస్తువు వేసి, రెండోదాని కోసం పేజీ మారిస్తే మొదటిది ఎవరు వేశారో దుకాణానికి గుర్తుండదు.

1994లో అమెరికా టెలిఫోన్ సంస్థ ఎంసీఐ కోసం నెట్‌స్కేప్ కంపెనీ ఆన్‌లైన్ అమ్మకాల ఏర్పాటు చేస్తోంది. సగంలో ఆగిన బేరాలన్నీ తమ సర్వర్లలో దాచుకోవడం ఎంసీఐకి ఇష్టం లేదు. నెట్‌స్కేప్ ఇంజనీరు లూ మాంటులీకి అప్పుడు ఒక ఉపాయం తట్టింది. చిన్న చీటీ రాసి కొనేవాళ్ల కంప్యూటర్లోనే పెట్టేస్తే, మళ్లీ వచ్చినప్పుడు వాళ్ల బ్రౌజరే దాన్ని తీసి చూపిస్తుంది. ప్రోగ్రాములు ఇచ్చిపుచ్చుకునే ఇలాంటి గుర్తును యూనిక్స్ వాళ్లు అంతకుముందే ‘మ్యాజిక్ కుకీ’ అనేవారు. ఆ పేరే దీనికీ వచ్చింది. కిరాణా కొట్లో ఖాతా పుస్తకం కొట్టాయన దగ్గర ఉంటుంది, ఇక్కడ అది మన జేబులోకి వచ్చింది. ఒక దుకాణం రాసిన చీటీని ఇంకో దుకాణం చదవలేదు కూడా. మంచి ఆలోచనే.

కానీ జేబులో చీటీ ఉందని జేబు గలవాళ్లకు ఎవరూ చెప్పలేదు. 1996 ఫిబ్రవరిలో ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక రాశాకే ఆ సంగతి నలుగురి నోళ్లలో పడింది. ఈలోగా ప్రకటనల కంపెనీలకు ఒక సందు దొరికింది. పేజీ ఒకరిది, అందులోని ప్రకటన బొమ్మ వచ్చేది ఇంకొకరి సర్వర్ నుంచి. ఆ సర్వర్ కూడా తన చీటీ పెట్టగలదు. వంద సైట్లలో ఒకే కంపెనీ ప్రకటనలుంటే, ఆ వంద చోట్లా తిరిగింది ఒకే మనిషి అని దానికి తెలిసిపోతుంది.

1997 ఫిబ్రవరిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 2109 అనే ప్రమాణపత్రం, మనం అడగనిదే ఇలాంటి బయటివాళ్ల కుకీలను బ్రౌజర్ రానివ్వకూడదంది. నెట్‌స్కేప్, మైక్రోసాఫ్ట్ రెండూ ఆ మాట పాటించలేదు. ఈ కథలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే. తలుపు దగ్గరే ఆగాల్సినవాటిని ఇంట్లోకి రానిచ్చి, ఊడ్చుకునే పని మాత్రం మనకు వదిలేశారు.

ఆ పని నేను నెట్ సెంటర్లో నేర్చుకున్నాను. అడ్రసు గడిలో ఒక్క అక్షరం కొడితే చాలు, అంతకుముందు కూర్చున్నవాళ్లు చూసిన సైట్లు బారుగా దిగేవి. ఒకరోజు ఎవరిదో మెయిల్ తెరిచే ఉంది. కళ్లు పక్కకు తిప్పుకుని లాగౌట్ నొక్కాను. ఆనాటి నుంచి హిస్టరీ, కుకీలు, క్యాష్ తుడవనిదే కుర్చీలోంచి లేవలేదు. అయితే 2011లో కేంద్రం తెచ్చిన సైబర్ కేఫ్ నిబంధనలు, వచ్చినవాళ్లు చూసిన సైట్ల వివరాలను కనీసం ఏడాది దాచి ఉంచాలని యజమానులను ఆదేశించాయి. మనం తుడిచింది మన ముందున్న పలక మీదే.

కుకీలు తుడిచినా మళ్లీ మొలిచిన సందర్భాలున్నాయి. ఫ్లాష్ ప్రోగ్రాము తన నిల్వలో దాచిన నకలు నుంచి, చెరిపిన కుకీని కొన్ని సైట్లు తిరిగి పుట్టిస్తున్నాయని 2009లో బర్క్‌లీ పరిశోధకులు బయటపెట్టారు. అప్పటి బ్రౌజర్ మెనూలో కుకీలు చెరిపితే ఫ్లాష్ నిల్వ చెక్కుచెదరదు.

ప్రతిసారీ ఊడ్చే బదులు అసలు మిగలకుండా చేద్దామని 2005లో ఆపిల్ తన సఫారీలో ప్రైవేట్ బ్రౌజింగ్ పెట్టింది. 2008లో గూగుల్ క్రోమ్ ఇన్‌కాగ్నిటోతో వచ్చింది. ఆ కిటికీ మూయగానే హిస్టరీ, కుకీలు పోతాయి. ఇంట్లో ఒకే కంప్యూటర్ నలుగురు వాడుతుంటే, వైద్యం గురించో, వేరే ఉద్యోగం గురించో వెతుక్కునేవాళ్లకు అది నిజంగా అండ. మనం వెళ్లిన సైటుకు, ఆఫీసు నెట్‌వర్క్‌కు, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి మాత్రం మన రాకపోకలు తెలుస్తూనే ఉంటాయి. ఇన్‌కాగ్నిటోలో ఉన్నా సమాచారం పోగుచేశారంటూ 2020లో అమెరికాలో గూగుల్ మీద దావా పడింది. 2024లో రాజీ కుదిరి, వందల కోట్ల రికార్డులు చెరిపేయడానికి ఆ కంపెనీ ఒప్పుకుంది.