బందరు డాక్టర్ గారి బీమా కంపెనీ నుంచి హీరో గారి హెల్త్ పాలసీ దాకా

ఇది ఇబ్రహీంపట్నం నుంచి ఇంకో ఎపిసోడ్. ఈ వారం కూడా మన కృష్ణా జిల్లా చరిత్రే. కాకపోతే మొదలుపెట్టేది మా ఇంట్లో టీవీ దగ్గర.

2024 జూన్‌లో నేను సాఫ్ట్‌వేర్ జాబ్ మానేశా. జీతం ఆగిపోతుందని అందరూ హెచ్చరించారు. ఆఖరి పనిరోజుతో పాటు మా నాన్న హెల్త్ ఇన్సూరెన్స్ కూడా ఆగిపోతుందని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. నాన్నకి అప్పటికి 63. ఇక్కడి థర్మల్ స్టేషన్‌లో ఒక కాంట్రాక్టర్ దగ్గర సూపర్‌వైజర్‌గా చేసి రిటైర్ అయ్యారు. పెన్షన్ లేదు, సుగర్ ఉంది. నా కంపెనీ గ్రూప్ పాలసీలో అమ్మానాన్నల పేర్లు ఉండేవి కాబట్టి ఇంట్లో ఎవరం దాని గురించి ఆలోచించలేదు. మానేసే ముందే అడిగి ఉంటే, అదే ఇన్సూరెన్స్ కంపెనీలో గ్రూప్ నుంచి విడి పాలసీకి మారమని అప్లై చేసుకోవచ్చు. వాళ్ళు ఒప్పుకుంటే పాత కాలం కూడా లెక్కలోకి వస్తుంది. ఆ రూల్ నాకు తెలిసేసరికి టైమ్ దాటిపోయింది. అది నా తప్పే.

ఆగస్టులో ఒక రోజు నాన్న టీవీలో యాడ్ చూశారు. పెద్ద హీరో, చల్లటి నవ్వు, అరవై దాటినా ఫర్వాలేదు ఒక్క ఫోన్ కొట్టండి అనే రకం. ఏ హీరో, ఏ కంపెనీ అనేది చెప్పను, ఎందుకంటే గోల ఒక్కరితో అయిపోయేది కాదు. నాన్న ఆ నంబర్‌కి ఫోన్ చేశారు. సాయంత్రానికి పదకొండు కాల్స్ వచ్చాయి. నాలుగో రోజు నాకు చెప్పకుండా పాలసీ కొనేశారు. నేను అరిస్తే ఒకటే మాట: "ఒరేయ్, అంత పెద్దాయన ఊరికే చెప్తాడా?"

ఆ మాట నన్ను వదల్లేదు. బీమా అనేది చేతికి దొరికే వస్తువు కాదు. ఇవాళ డబ్బు కడతాం, ఎప్పుడో ఆపద వస్తే తిరిగిస్తామని ఒకరు మాటిస్తారు. అందుకే మనం కాగితం కంటే ముందు మనిషి ముఖం చూస్తాం. మరి మన వాళ్ళు ఇదివరకు ఎవరి ముఖం చూసి కొనేవాళ్ళు? వెతుక్కుంటూ వెళ్తే 1925 నాటి బందరులో తేలాను.

భోగరాజు పట్టాభి సీతారామయ్య గారి పేరు స్కూల్లో ఫ్రీడం ఫైటర్‌గా చదివి ఉంటారు. 1948లో కాంగ్రెస్ అధ్యక్షుడు కూడా అయ్యారు. అసలు వృత్తికి డాక్టర్. మద్రాసులో వైద్యం చదివి బందరులో ప్రాక్టీస్ పెట్టారు, తర్వాత ఉద్యమం కోసం మానేశారు. 1923లో ఆంధ్రా బ్యాంక్ పెట్టారు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ, 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్స్. ఒక డాక్టర్ బీమా కంపెనీ పెట్టాడంటే హాస్పిటల్ బిల్లుల కోసమేమో అనుకున్నా. కాదు. ఆ రోజుల్లో బీమా అంటే ముఖ్యంగా ప్రాణానికే. జబ్బు చేస్తే పొలమో నగలో తాకట్టు, లేదంటే దేవుడు.

ఇక్కడ కూడా అమ్ముడుపోయింది ముఖమే అని నేననుకుంటున్నా. విదేశీ కంపెనీకి కట్టే ప్రీమియం మన వాళ్ళ దగ్గరే ఉండాలి అన్న స్వదేశీ మాట ఒకటి, చెప్పేది పట్టాభి గారు అన్న నమ్మకం ఇంకొకటి. కానీ ఒక తేడా ఉంది. అనుమానం వస్తే బెజవాడలో రైలెక్కి బందరులో దిగి ఆయన్నే అడగొచ్చు. మాటిచ్చినాయనా కంపెనీ నడిపేదీ ఒక్కరే.

అలాగని ఆ కాలమంతా బంగారం అని చెప్పను. పాలసీదారుల డబ్బుతో యజమానులు ఆడుకున్న కంపెనీలు దేశంలో చాలా ఉన్నాయి. 1938లో ఇన్సూరెన్స్ యాక్ట్ తెచ్చి కట్టడి చేయబోయారు. అది చాల్లేదు. 1955 డిసెంబరులో ఫిరోజ్ గాంధీ పార్లమెంటులో లేచి, రామకృష్ణ దాల్మియా తన భారత్ ఇన్సూరెన్స్ సొమ్మును ఎలా వాడుకున్నాడో బయటపెట్టారు. సొంత పార్టీ ప్రభుత్వం, మామగారే ప్రధాని, అయినా వదల్లేదు. తర్వాతి నెలలోనే, 1956 జనవరిలో జీవిత బీమాని జాతీయం చేశారు. 245 సంస్థల్ని కలిపి సెప్టెంబరు 1న ఎల్‌ఐసీ మొదలైంది. ఇక అప్పట్నుంచి బీమా ముఖం అంటే ఏజెంట్. స్కూటర్ మీద వచ్చే ఎల్‌ఐసీ బాబాయ్ మీ ఇంటికీ వచ్చే ఉంటాడు. మొహమాటపెట్టి పాలసీలు అంటగట్టేవాడు, నిజమే. కానీ ఆయన ఇల్లు ఎక్కడో మనకి తెలుసు. క్లెయిమ్ రాకపోతే పెళ్ళిలో నలుగురి ముందు నిలదీసేవాళ్ళు.

మరి ఆరోగ్యం సంగతి? మొదట ఉద్యోగం ఉన్నవాళ్ళకే దొరికింది. 1948లో ఈఎస్‌ఐ చట్టం, 1952లో కాన్పూర్‌లో ఆ పథకం మొదలు. 1954లో కేంద్ర ఉద్యోగులకి సీజీహెచ్‌ఎస్. మామూలు మనిషి డబ్బు కట్టి కొనుక్కునే మెడిక్లెయిమ్ వచ్చింది 1986లో, నాలుగు ప్రభుత్వ జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీల నుంచి. అది కూడా ముందు బిల్లు మనం కట్టి తర్వాత తెచ్చుకునే పద్ధతి. 2000లో ప్రైవేటు కంపెనీలకి తలుపు తెరిచాక పోటీ వచ్చింది, పోటీతో పాటు టీవీ యాడ్ వచ్చింది. సబ్బుకీ కూల్‌డ్రింక్‌కీ వాడిన ఫార్ములానే ఆరోగ్య బీమాకీ వాడారు. సబ్బు నచ్చకపోతే వచ్చే నెల మార్చుకుంటాం. ఆరోగ్య బీమా నచ్చలేదని తెలిసేది హాస్పిటల్ కౌంటర్ దగ్గర.

మధ్యలో మన రాష్ట్రం వేరే దారి పట్టింది. 2007 ఏప్రిల్ 1న వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టింది. తర్వాత అది ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, మళ్ళీ వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ వైద్యసేవ. అక్కడా ముఖాల గోలే చూడండి! ఆ పథకం ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో మన వీధుల్లో ఎవర్ని అడిగినా చెప్తారు. కానీ నేను ఇన్‌కమ్ టాక్స్ కట్టడం మొదలయ్యాక మా ఇంట్లో తెల్ల కార్డు పోయింది. జాబ్ మానేశాక గ్రూప్ పాలసీ పోయింది. కేంద్రం 2024 అక్టోబరులో తెచ్చిన ఆయుష్మాన్ వయ వందన ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షలు ఇస్తుంది, కానీ 70 నిండాలి. రిటైరై, 70 రాక, మధ్యలో నిలబడినవాళ్ళే ఆ యాడ్‌లకి అసలైన కస్టమర్లు.

ఇది మన దగ్గరే అనుకోకండి. అమెరికాలో 65 దాటినవాళ్ళకి ప్రభుత్వ బీమా ఉంది, మెడికేర్. 1965లో లిండన్ జాన్సన్ సంతకం చేశారు. అక్కడ స్థిరపడిన మన తెలుగు పెద్దవాళ్ళు చాలామంది దాని మీదే ఉన్నారు. పిల్లల దగ్గరికి గ్రీన్ కార్డు మీద వెళ్ళిన అమ్మానాన్నలైతే ఐదేళ్ళు ఆగాకే డబ్బు కట్టి చేరగలరు. ఆ మెడికేర్ బదులు ప్రైవేటు కంపెనీలు ఇచ్చే ప్లాన్ పేరు మెడికేర్ అడ్వాంటేజ్. 2018 నుంచి జో నేమత్ అనే పాతకాలపు ఫుట్‌బాల్ స్టార్ టీవీలో దాన్ని ఊదరగొట్టాడు. పళ్ళు ఫ్రీ, కళ్ళజోడు ఫ్రీ, ఫోన్ చేయండి. ఫలానా డాక్టర్ల దగ్గరికే వెళ్ళాలి, ముందు పర్మిషన్ తీసుకోవాలి అన్న సంగతి మాత్రం ముందుకి రాదు. ఫిర్యాదులు పెరిగి 2022 నవంబరులో సెనేట్ ఫైనాన్స్ కమిటీ ఈ మార్కెటింగ్ మోసాల మీద రిపోర్ట్ ఇచ్చింది. తర్వాతి ఏడాది అక్కడి ప్రభుత్వం, ప్లాన్ పేరు చెప్పకుండా యాడ్ వేయకూడదని రూల్ పెట్టింది.

మన దగ్గరా చట్టం ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే యాడ్‌లో నటించినవాళ్ళకి 10 లక్షల దాకా జరిమానా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా. ఏడాది పాటు యాడ్‌లు చేయకుండా ఆపొచ్చు కూడా. అయితే చెప్పేది నిజమో కాదో తగినంత విచారించాను అని చూపిస్తే తప్పించుకోవచ్చు. 2022 జూన్ గైడ్‌లైన్స్ ఇంకో మంచి మాట చెప్పాయి. యాడ్‌లో గొప్పలు ఏ భాషలో చెప్తే షరతులూ అదే భాషలో, అదే ఫాంట్‌లో ఉండాలి. ఈ రాత్రి టీవీ పెట్టి, స్క్రీన్ అడుగున పరిగెత్తే లైన్ ఒకసారి చదవడానికి ట్రై చేయండి.

సరే, నాన్న కొన్న పాలసీకి వద్దాం. 5 లక్షల కవర్. లోపలి పేజీల్లో రెండు లైన్లున్నాయి. రూమ్ అద్దె రోజుకి 5 వేలు దాటకూడదు. ప్రతి క్లెయిమ్‌లో 20 శాతం మనం భరించాలి. చూడ్డానికి చిన్నవే. 8 వేల రూమ్ తీసుకున్నామనుకోండి, మనం కట్టుకోవాల్సింది రోజుకి మూడు వేల తేడా ఒక్కటే కాదు. మందులూ టెస్టులూ ఇంప్లాంట్లూ వదిలేసి, డాక్టర్ ఫీజు, థియేటర్ ఛార్జీల్లాంటివన్నీ అదే లెక్కలో, ఎనిమిదిలో ఐదు వంతులకి కోస్తారు. ఆ ఛార్జీలు 1,60,000 అయితే మిగిలేది లక్ష. అందులో 20 శాతం తీస్తే చేతికి 80 వేలు. అంటే సగం. ఆ హీరో అబద్ధం చెప్పలేదు, ఈ సగం గురించి మాట్లాడలేదంతే.

దీనికంటే నన్ను భయపెట్టింది వేరే. ఫామ్‌లో సుగర్ ఉందా అన్న చోట "లేదు" అని ఉంది. ఫోన్‌లో అమ్మాయి "అది అవసరం లేదు అంకుల్" అందట. దాచిపెట్టారని క్లెయిమ్ కొట్టేయడానికి ఆ ఒక్క మాట చాలు. కొన్న ఐదేళ్ళ దాకా కంపెనీకి ఆ హక్కు ఉంటుంది. ఎనిమిదేళ్ళు ఉండేదాన్ని 2024 ఏప్రిల్ నుంచి ఐదుకి తగ్గించారు.

అదే సంవత్సరం రూల్స్‌లో ఇంకొన్ని మనకి పనికొచ్చాయి. 65 దాటినవాళ్ళకి అసలు పాలసీ అమ్మం అనే పరిమితి ఎత్తేశారు. ముందునుంచీ ఉన్న జబ్బులకి ఆగాల్సిన కాలం నాలుగేళ్ళ నుంచి ఎక్కువలో ఎక్కువ మూడేళ్ళకి దిగింది. పాలసీ కాగితం చేతికొచ్చాక నచ్చకపోతే వెనక్కిచ్చే గడువు 15 రోజుల నుంచి 30 అయింది. పాలసీ సారాంశం రాసిన కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ ఒకటి ఇవ్వాలి, అడిగితే మన భాషలో ఇవ్వాలి. మేము ఇరవై రెండో రోజున ఆ పాలసీ వెనక్కిచ్చేశాం. స్టాంపు ఖర్చు, కవర్ ఉన్న రోజుల డబ్బు పట్టుకుని మిగతాది వచ్చింది.

సెప్టెంబర్‌లో కొత్తది తీసుకున్నాం. సుగర్ ఉందని రాయించాం, ప్రీమియం పెరిగింది. తెలుగు షీట్ కావాలని మూడు సార్లు మెయిల్ పెట్టా, వచ్చింది. వాడిన తెలుగు ఘోరం, అయినా అర్థమవుతుంది. నాన్న కళ్ళజోడు పెట్టుకుని మధ్యాహ్నమంతా చదివారు, పెన్సిల్‌తో గీతలు కూడా పెట్టారు. కోపరేటివ్ బ్యాంకు పాస్‌బుక్ చూసేటప్పుడు కూడా ఇలాగే కూర్చునేవారు. చివర్లో ఫిర్యాదుల పేజీ దగ్గర ఆగి, "వీళ్ళ ఆఫీస్ ఎక్కడుందిరా, మనం వెళ్ళొచ్చా?" అని అడిగారు. కంపెనీ మాట వినకపోతే బీమా అంబుడ్స్‌మన్ హైదరాబాద్‌లో ఉంటారని, మన రాష్ట్రం వాళ్ళ కిందికే వస్తుందని చెప్పా. ఇంటి ముందు హైవే అదే ఊరికి పోతుంది కాబట్టి నాన్న తృప్తిపడ్డారు.

సుగర్‌కి సంబంధించిన జబ్బులకి కవర్ మొదలయ్యేది 2027 సెప్టెంబర్‌లో. వంటింట్లో క్యాలెండర్ పక్కన అమ్మ ఆ తేదీ రాసి అతికించింది.