భట్టిప్రోలు మహాస్తూపం.. తొలి అక్షరాలకు ఆనవాలు

భట్టిప్రోలు: రెండు వేల ఏళ్లకు పైబడిన చరిత్రకు సాక్ష్యంగా నిలిచిన భట్టిప్రోలు బౌద్ధస్తూపంలో నేడు ఇటుకల కట్టడమే మిగిలింది. స్తూపగర్భంలో లభించిన పేటికలు, ధాతువు ఇతర నగరాలకు చేరాయి. బాపట్ల జిల్లాలోని ఈ దిబ్బను స్థానికులు ‘విక్రమార్క కోట దిబ్బ’గా వ్యవహరిస్తారు.

కట్టడం తీరు

స్తూపం అడుగుభాగం వ్యాసం 148 అడుగులు. లోపలంతా ఖాళీ లేకుండా పెద్ద ఇటుకలతో నింపి అండాన్ని కట్టారు. ఒక్కో ఇటుక సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. వెలుపలి భాగాన్ని తెల్లని రాతి పలకలతో అలంకరించారు.

కాలువ పనులకు పలకలు

19వ శతాబ్దంలో ప్రజాపనుల కోసం స్తూపాన్ని తవ్వేశారు. ఇటుకలను రోడ్డుకు, రాతి పలకలను వెల్లటూరు వద్ద కాలువ తూము నిర్మాణానికి తరలించారు. దీంతో శిల్పసంపద చాలావరకు నశించింది.

వెలుగుచూసిన పేటికలు

1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ జరిపిన తవ్వకాలలో స్తూపం మధ్యభాగాన మూడు రాతి పేటికలు బయటపడ్డాయి. వాటిలో స్ఫటిక భరిణెలు, బంగారు పూలు, ముత్యాలు లభించాయి. పేటికలపై ప్రాకృత భాషలో శాసనాలున్నాయి. కురుని తల్లిదండ్రులు, కురుడు, శివుడు అనేవారు బుద్ధుని ధాతువులను భద్రపరచేందుకు పేటికను, స్ఫటిక భరిణెను చేయించినట్లు ఒక శాసనం తెలుపుతోంది. కుబిరకుడనే రాజు పేరు, నిగమ సభ్యుల పేర్లు మిగిలిన వాటిలో కనిపిస్తాయి. రాజుతోపాటు సామాన్య గృహస్థులు కూడా ఈ ధర్మకార్యంలో భాగస్వాములైనట్లు దీనినిబట్టి తెలుస్తోంది.

లిపిలో ప్రత్యేకత

ఈ శాసనాలను ప్రాచ్య భాషా పండితుడు జార్జ్ బ్యూలర్ చదివి ప్రకటించారు. అశోకుని బ్రాహ్మీలో గుర్తేదీ లేని హల్లును ‘క’ అని చదువుతారు. ఇక్కడ మాత్రం ‘క’ రాయాలంటే హల్లుకు ఒక గీత చేర్చాలి. ‘కా’కు మరో గుర్తు ఉంది. అందుకే పండితులు దీనిని ‘భట్టిప్రోలు లిపి’గా ప్రత్యేకించారు. దక్షిణాది లిపుల పరిణామాన్ని అధ్యయనం చేసేవారికి ఇది కీలక ఆధారం.

పొరుగు నగరాలలో నిధులు

పేటికలు చెన్నై ప్రభుత్వ మ్యూజియానికి చేరాయి. ఇక్కడి ధాతువును 1920లో కోల్‌కతాలోని శ్రీ ధర్మరాజిక చైత్య విహారంలో ప్రతిష్ఠించారు. తమ ఊరి పేరును లిపి చరిత్రలో నిలిపిన అక్షరాలను చూడాలంటే భట్టిప్రోలు వాసులు చెన్నై వెళ్లవలసిందే.

ఇలా చేరుకోవచ్చు

తెనాలి-రేపల్లె రైలు మార్గంలో భట్టిప్రోలు స్టేషను ఉంది. స్తూపం కేంద్ర పురావస్తుశాఖ పరిరక్షణలో ఉంది.